శిస్తు పోయింది, చుక్క మిగిలింది

పట్టాదారు పేరు రాయవలసిన గడిలో ఎప్పుడో పెట్టిన చుక్కలు వందేళ్ల తర్వాత రైతు పొలాన్ని అమ్ముడుపోకుండా చేశాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలలో వేలాది కుటుంబాలు పడిన కష్టమిది.

ఆ చుక్కలున్నది రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో. రెవెన్యూ సిబ్బంది దీనిని ఆర్.ఎస్.ఆర్. అంటారు. బ్రిటిషు ప్రభుత్వం ఈ పుస్తకాన్ని రాయించింది భూమి ఎవరిదో తేల్చడానికి కాదు, ఎంత శిస్తు వేయాలో తేల్చడానికి.

మద్రాసు రాజధానిలోని రైత్వారీ గ్రామాలలో ముందుగా పొలాలను గొలుసుతో కొలిచి సర్వే నెంబర్లు వేశారు. తర్వాత మన్ను చూసి రేగడో, ఎర్రనేలో, ఇసుక పర్రో నిర్ణయించారు. మెట్టా, మాగాణా, మాగాణి అయితే ఏ చెరువు కిందిదో రాసుకున్నారు. పంట విలువలో సాగు ఖర్చు పోగా మిగిలిన దానిలో సగం సర్కారు వాటాగా లెక్కకట్టారు. దాని ప్రకారం నేలకొక ‘తరం’ ఏర్పడింది. తరాన్నిబట్టి ఎకరాకు ఇన్ని రూపాయలు, ఇన్ని అణాలు అని శిస్తు నిర్ణయమైంది.

ఎవరూ ముందుకు రాకపోయినా, భూమి ఎవరిదో తేలకపోయినా పేరుండవలసిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. పట్టా తీసుకుంటే శిస్తు మెడకు పడుతుంది. వాన నమ్మకం లేని మెట్టకు పేరు రాయించుకోవడానికి ఆనాటి రైతు వెనుకాడాడంటే వింత లేదు.

కాలం మారింది. 1984లో కరణాలు పోయారు. 1988 నీటి పన్ను చట్టంతో పాత భూమి శిస్తు స్థానంలో నీటి తీరువా వచ్చింది. శిస్తు పోయినా రిజిస్టరు పోలేదు. పన్ను కోసం రాసిన పుస్తకమే హక్కుకు సాక్ష్యమై కూర్చుంది. 2016లో చుక్కల భూములను 22-ఎ నిషేధిత జాబితాలో చేర్చడంతో రిజిస్ట్రేషన్లు నిలిచిపోయాయి. తాతల నాటినుంచి దున్నుతున్నవారు సైతం పిల్ల పెళ్లికి అరెకరం అమ్ముకోలేకపోయారు.

పేర్లు ఎక్కించడానికి 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీలు ఏర్పడ్డాయి. 2023 మే నెలలో నెల్లూరు జిల్లా కావలిలో జరిగిన సభలో 2 లక్షల ఎకరాలకు పైగా భూములను నిషేధిత జాబితానుంచి తొలగిస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది.

అంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. పొలం కొనేవారు అడంగల్, పాస్ పుస్తకం చూసి సరిపెట్టుకోక ఆ సర్వే నెంబరుకు ఆర్.ఎస్.ఆర్. నకలు తీయించి పట్టాదారు గడిలో ఏముందో చూడాలి. నిషేధిత జాబితాలో నెంబరు ఉందో లేదో విచారించుకోవాలి. ఇంట్లోని పాత శిస్తు రశీదులను చిత్తు కాగితాలనుకొని పారవేయరాదు. చుక్క ఉన్న చోట అనుభవాన్ని రుజువు చేయడానికి అక్కరకు వచ్చేది ఆ కాగితాలే.