ప్రోగ్రామింగ్‌కు ముందు నేర్వవలసిన ఆలోచన



ఎస్సెస్సెల్సీ ఫలితాలు రాగానే మన బళ్ళారి ప్రాంతంలో చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది: "మా పిల్లల్ని ఏ కంప్యూటర్ కోర్సులో చేర్పించాలి? సి మంచిదా, జావా మంచిదా, పైథాన్ మంచిదా?" దీనికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఒక పనిని ఎలా చేయాలో తప్పులేకుండా, మెట్టు తర్వాత మెట్టుగా చెప్పడం మన పిల్లలకు వచ్చా? అది వస్తే ఏ ప్రోగ్రామింగ్ భాషైనా సాధనతో పట్టుబడుతుంది. అది రాకపోతే ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చుకున్నా స్వయంగా పది వరుసల ప్రోగ్రామ్ రాయడం కష్టమే. ఫీజు డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

కంప్యూటేషనల్ థింకింగ్ అంటే ఏమిటి?

ఈ రకమైన ఆలోచనా పద్ధతిని కంప్యూటేషనల్ థింకింగ్ అంటారు. చదవడం, రాయడం, లెక్కలు చేయడం లాగే ఇది కూడా అందరికీ కావలసిన నైపుణ్యమని 2006లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జానెట్ వింగ్ ఒక వ్యాసంలో వాదించారు. అప్పటినుంచి ఈ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. మన దేశపు 2020 జాతీయ విద్యా విధానం కూడా దీనికి ప్రాధాన్యం ఇచ్చింది. ఇందులో ముఖ్యమైన అంశాలు నాలుగు.

1. పెద్ద పనిని ముక్కలుగా విడదీయడం: 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ ఖాళీని ఒకే పెద్ద గేటుతో మూయాలంటే జలాశయంలో నీళ్ళు బాగా తగ్గేదాకా ఆగాలి. అలా ఆగితే రైతులకు నీళ్ళు పోతాయి. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో స్టాప్‌లాగ్‌లు అనే ఐదు ఉక్కు పలకలు తయారుచేయించి, పారుతున్న నీటిలోనే ఒకదానిపై ఒకటి దించారు. ఆగస్టు 17కల్లా నీరు ఆగింది. ఒక్కసారిగా చేయలేని పనిని చేయగలిగిన ఐదు పనులుగా మార్చడమే ఇక్కడి కిటుకు. ప్రోగ్రామ్ రాసేవారు మొదట చేసే పని కూడా ఇదే.

2. పోలిక గుర్తించడం: బళ్ళారి జీన్స్ తయారీకి పేరున్న ఊరు. 28 నడుము ప్యాంటు కుట్టినా, 34 నడుము ప్యాంటు కుట్టినా కటింగ్, కుట్టు, కాజాలు, గుండీలు, వాషింగ్, ఇస్త్రీ అన్న పనులు మారవు. వేరువేరుగా కనిపించే పనుల్లో ఒకేలా ఉన్నదేమిటో పట్టుకోవడం రెండో అంశం.

3. అవసరమైనదే ఉంచుకోవడం: ప్యాంటు కొనేవారి పేరు, ఊరు కటింగ్ మాస్టరుకు అక్కరలేదు, కొలతలు చాలు. ఇలా మారుతూ ఉండే కొలతను ప్రోగ్రామింగ్‌లో వేరియబుల్ అంటారు. ఏ కొలత ఇచ్చినా అదే క్రమంలో పని చేసిపెట్టే ఏర్పాటును ఫంక్షన్ అంటారు. ఒకసారి రాసుకుంటే ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు.

4. మెట్లు రాయడం: పనిచేసే క్రమాన్ని స్పష్టంగా రాస్తే అది అల్గారిథమ్. ఒకే పనికి మంచి అల్గారిథమ్, నిదానమైన అల్గారిథమ్ రెండూ ఉంటాయి. నంబర్ల వరుసలో పేర్చిన 1,000 దరఖాస్తుల్లో ఒకటి వెతకాలి. మొదటినుంచి చూస్తూ పోతే 1,000 సార్లు చూడవలసి రావచ్చు. మధ్యలోని దరఖాస్తు తీసి, మనకు కావలసిన నంబరు దానికంటే చిన్నదైతే వెనుక సగాన్ని, పెద్దదైతే ముందు సగాన్ని వదిలేయండి. మిగిలిన సగంలోనూ అలాగే చేయండి. 10 సార్లు చూసేలోపు దొరుకుతుంది. అయితే దరఖాస్తులు వరుసలో లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు.

ప్రోగ్రామ్‌లో ఉండేవి మూడే

ఎంత పెద్ద ప్రోగ్రామ్ అయినా వరుస, షరతు, పునరావృతి అనే మూడింటితో రాయవచ్చునని 1966లో బోమ్, జాకోపిని అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నిరూపించారు. వరుస అంటే ఒకదాని తర్వాత ఒకటి చేయడం. మిగిలిన రెండింటిని కొంచెం జాగ్రత్తగా చూద్దాం.

షరతు: ఒక ఉపకార వేతనానికి "60 శాతం లేదా అంతకంటే ఎక్కువ మార్కులు రావాలి" అని నియమం ఉందనుకోండి. ప్రోగ్రామ్ రాసినవారు పొరపాటున "60 కంటే ఎక్కువ అయితే అర్హులు" అని రాశారు. 75 వచ్చినవారికి, 45 వచ్చినవారికి ఫలితం సరిగానే వస్తుంది. కాబట్టి తప్పు బయటపడదు. సరిగ్గా 60 వచ్చిన విద్యార్థి పేరు మాత్రం జాబితాలో ఉండదు. కంప్యూటర్ మన ఉద్దేశాన్ని ఊహించదు, రాసినదే చేస్తుంది. అందుకే షరతు రాసిన ప్రతిసారీ 59, 60, 61 వంటి అంచు విలువలతో సరిచూడాలి.

పునరావృతి: దీన్నే లూప్ అంటారు. తుంగభద్ర డ్యాముకు 33 గేట్లున్నాయి. "1వ గేటు చూడు, 2వ గేటు చూడు" అని 33 వరుసలు రాయనక్కరలేదు. "సంఖ్యను 1తో మొదలుపెట్టు, అది 33 దాటేవరకు ఆ సంఖ్య గల గేటును చూడు, సంఖ్యకు ఒకటి కలుపు" అంటే చాలు. అదే "33 కంటే తక్కువ ఉన్నంతవరకు" అని రాస్తే 32 గేట్లే చూస్తాం. చివరి గేటు మిగిలిపోతుంది. ఇటువంటి తప్పునే బగ్ అంటారు. దాన్ని వెతికి సరిచేయడం కూడా ప్రోగ్రామింగ్‌లో భాగమే.

ఇంగ్లీషు రాదనే భయం వద్దు

మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. "ఇంగ్లీషు రానిదే ప్రోగ్రామింగ్ రాదు" అనుకుని వెనుకాడేవారున్నారు. ఇది పూర్తిగా నిజం కాదు. 1991లో వెలువడిన పైథాన్ భాషలో ప్రత్యేక అర్థంతో వాడే పదాలు నేడు 35 మాత్రమే. మన వర్ణమాలలోని అక్షరాలకంటే తక్కువ. పుస్తకాలు చదవడానికి, ఉద్యోగానికి ఇంగ్లీషు తప్పక కావాలి. దాన్ని పక్కన నేర్చుకుంటూ ఉండండి. మెట్లు మాత్రం తెలుగులోనో కన్నడంలోనో ఆలోచించి రాసుకోవచ్చు.

నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో పుట్టిన డాక్టర్ రాజ్ రెడ్డి తమ కుటుంబంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి వ్యక్తి. కంప్యూటర్‌కు మనిషి మాట అర్థమయ్యేలా చేసే పరిశోధనలో ఆయన అగ్రగణ్యులు. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

తల్లిదండ్రులకు సూచనలు

* ఇంట్లో కంప్యూటర్ లేదని దిగులు పడవద్దు. మొదటి రెండు మూడు నెలలు నోటుపుస్తకం, పెన్సిలు చాలు.
* ఫీజు కట్టేముందు, ఆ కోర్సులో పిల్లలు సొంతంగా ప్రోగ్రాములు రాస్తారా, లేక బోర్డు మీదివి ఎక్కించుకుంటారా అని అడగండి.
* "నువ్వు రాసింది ఏం చేస్తుందో నాకు మన మాటల్లో చెప్పు" అని పిల్లల్ని అడగండి. మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. చెప్పగలిగితే వచ్చినట్టే.
* ఐఐటీల ఆధ్వర్యంలోని ఎన్‌పీటీఈఎల్‌లో పైథాన్ పాఠాలు ఉచితంగా చూడవచ్చు.
* పీయూసీలో సైన్సు పిల్లలే కాదు, కామర్సు పిల్లలు కూడా కంప్యూటర్ సైన్సు ఉన్న కాంబినేషన్ తీసుకోవచ్చు.

విద్యార్థులకు అభ్యాసం

మూడు సంఖ్యలు ఇస్తే వాటిలో పెద్దది కనుక్కునే మెట్లు మీ మాటల్లో రాయండి. రాశాక 4, 9, 7తో సరిచూడండి. తర్వాత 9, 9, 4తోనూ, 5, 5, 5తోనూ చూడండి. మీరు రాసిన మెట్లను తమ్ముడికో చెల్లికో ఇచ్చి, మీరేమీ చెప్పకుండా చేయమనండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోతారో అక్కడ మీ మెట్టు సరిగా లేదన్నమాట. దిద్ది మళ్ళీ ఇవ్వండి. ఈ అలవాటు పట్టుబడినవారు ఏ కోర్సులో చేరినా రాణిస్తారు.