తిరుగుతూనే బాగుపడే బుల్లెట్

పాత మద్రాసు బుల్లెట్‌కు కిక్ ఎప్పుడు కొట్టాలో చెప్పేది హెడ్‌లైట్ మీది అమ్మీటర్. తాళం తిప్పి కిక్‌ను మెల్లగా తొక్కుతుంటే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కంప్రెషన్‌లో పిస్టన్ పైకి చేరే వేళకి ఇగ్నిషన్ పాయింట్లు విడిపోయి ముల్లు మధ్యకొచ్చేస్తుంది. అక్కడ ఆగి, కంప్రెషన్ వదిలించే డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ను కాస్త దాటించి అప్పుడు కొట్టాలి. మళ్లీ కంప్రెషన్ ఎదురయ్యేలోపు బరువైన ఫ్లైవీల్ ఊపందుకుంటుంది. ఈ వరస పాటించక బలం చూపించేవాళ్లకి కిక్ రాడ్ ఎదురు తన్నుతుంది.

నడిచే బండి తన రోగం తనే చెప్పుకుంటుంది. అందుకే పాత బుల్లెట్‌ను బాగుచేయాలనుకుంటే ఒకేసారి ముక్కలుగా విప్పి గోనెసంచిలో పోయొద్దంటాను. అలా విప్పినవాటిలో చాలా బండ్లు మళ్లీ రోడ్డెక్కవు.

1955లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. సైన్యం అప్పటికే ఈ బండిని గస్తీకి ఎంచుకుంది. పుట్టింట్లో 1970ల మొదట్లోనే కథ ముగిసినా, అత్తింట్లో 346 సీసీల పోత ఇనుప ఇంజన్ పెద్దగా మారకుండా 2000 దాటేదాకా బతికింది. మన మెకానిక్ దగ్గర ఇప్పటికీ సామాను దొరికేది అందుకే. పైగా గేర్‌బాక్స్ విడిగా ఉంటుంది, గేర్లు చూడ్డానికి ఇంజన్ దించక్కర్లేదు.

ముందు బ్రేకు షూలు, వైరింగ్, ఆయిల్. ఆ తర్వాత బండి ఏది అడిగితే అది. మిస్ కొడుతోందా, పాయింట్ల మూత తీయండి. నల్లబడితే సన్న ఎమెరీతో రుద్ది ఫీలర్ గేజ్‌తో సందు సరిచేయాలి. వారం తిరక్కుండా మళ్లీ మాడితే అనుమానం కండెన్సర్ మీదికి పోవాలి. టాపెట్లయితే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే: పుష్‌రాడ్ వేళ్లకి తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

బండిని నిజంగా ఆపాల్సింది నీలి పొగ ఆగకుండా వస్తున్నప్పుడే. లేత్ షాపులో బోర్ వేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ ఎక్కించాలి. వేడికి అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ లెక్కన సందు వదలకపోతే అల్యూమినియం పిస్టన్ ఇనుప సిలిండర్‌లో పట్టేస్తుంది. అందుకే కొత్త బోర్‌ను కొన్నాళ్లు నెమ్మదిగా నడపాలి.

ఒరిజినల్ పేరుతో 6 వోల్టుల దీపం పెట్టుకుని రాత్రిపూట హైవే ఎక్కడం నాకు మొండితనంగానే కనిపిస్తుంది. 12 వోల్టులకి మార్చుకోండి, తీసిన సామాను దాచిపెట్టండి. రంగు మాత్రం అన్నిటికన్నా చివర. ట్యాంకు మీద చేత్తో గీసే బంగారు గీతలు స్పానర్ తగిలితే లేచిపోతాయి.