మగబిడ్డ పుట్టే వరకు: సంభావ్యత చెప్పే లెక్క

వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టిన ఇంట "ఈసారి తప్పక మగబిడ్డే" అనే మాట తరచుగా వినిపిస్తుంది. సంభావ్యతా సిద్ధాంతం ఈ నమ్మకాన్ని సమర్థించదు. బిడ్డ లింగాన్ని తండ్రి నుండి సంక్రమించే ఎక్స్ లేదా వై క్రోమోజోము నిర్ణయిస్తుంది. ఇందులో తల్లిని నిందించుటకు తావు లేదు. ప్రతి కాన్పును దాదాపు స్వతంత్ర ఘటనగా పరిగణించవచ్చు.

మగబిడ్డ పుట్టగానే సంతానాన్ని ఆపివేయడం వల్లనే సమాజంలో ఆడపిల్లల సంఖ్య తగ్గుతున్నదన్న వాదన కూడా ఉంది. దీనిని ఒక సులభమైన లెక్కతో పరీక్షించవచ్చు. 16 కుటుంబాలు మగబిడ్డ కలిగే వరకు, గరిష్ఠంగా నాలుగు కాన్పుల వరకు వేచి చూస్తాయనుకుందాం. ఇరువురికీ సమాన అవకాశం ఉన్నపుడు సగటున మొదటి కాన్పులో 8 మంది మగ, 8 మంది ఆడ శిశువులు జన్మిస్తారు. మగబిడ్డ కలిగిన 8 కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. మిగిలిన వాటిలో రెండవ కాన్పున 4, 4. మూడవ కాన్పున 2, 2. నాలుగవ కాన్పున 1, 1 చొప్పున జన్మిస్తారు. మొత్తం బాలురు 15, బాలికలు 15. ఎప్పుడు ఆపినా నిష్పత్తి మారదు.

మారేది వారు పెరిగే కుటుంబ పరిమాణం. 15 మంది బాలురలో 8 మంది ఏకైక సంతానం. బాలికలలో అట్టివారు ఒక్కరూ లేరు. నలుగురు పిల్లలున్న ఇళ్లలో 7గురు బాలికలుండగా బాలుడు ఒక్కడే. ఇంట్లో ఉన్న పాలు, గుడ్లు, చదువు ఖర్చు ఎక్కువమంది మధ్య పంచుకోవలసి వచ్చేది బాలికలే.

సహజంగా ప్రతి 100 మంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు, అనగా 1000 మంది బాలురకు దాదాపు 952 మంది బాలికలు జన్మిస్తారు. భారత జనాభా లెక్కల ప్రకారం 0-6 ఏళ్ల వయసులో ఈ సంఖ్య 1961లో 976, 1991లో 945, 2001లో 927. ఈ క్షీణతకు కాన్పులు ఆపివేయడం కారణం కాజాలదు. గర్భస్థ లింగ నిర్ధారణ అనంతర భ్రూణహత్యలు, బాలికల పోషణ, వైద్యంలో నిర్లక్ష్యం ప్రధాన కారణాలు. లింగ నిర్ధారణను 1994 నాటి చట్టం నిషేధించింది.

కావున గ్రామీణ పోషకాహార సర్వేలలో బిడ్డ లింగంతో పాటు తోబుట్టువుల సంఖ్యను, జనన క్రమాన్ని నమోదు చేయాలి. అవి లేనిచో కుటుంబ పరిమాణం వల్ల కలిగిన లోటును, వివక్ష వల్ల కలిగిన లోటును వేరుపరచడం సాధ్యం కాదు.