రింగు బిగిస్తే టైరు నిలుస్తుంది, రోడ్డు వస్తుందా?

నర్సీపట్నంలో జీపు మెకానిక్కు షెడ్డు ముందు వానాకాలంలో ఒక గంట నిలబడితే చాలు, ఏజెన్సీ రోడ్ల సంగతి చక్రాలే చెబుతాయి. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి వైపుల నుంచి దిగివచ్చిన బండ్లు బురద మోసుకుని వస్తాయి. ఒకదాని రిమ్ము అంచు రాయికి కొట్టుకుని వంగిపోయి వుంటుంది. మరొకదాని ట్యూబు వాల్వు మొదలంటా తెగిపోయి వుంటుంది. తారు రోడ్డు మీద తిరిగే బండికి యింత తరచుగా రాని జబ్బులివి.

"పైకెళ్తన్నాను, కాస్త గాలి దించరా" అంటాడు డ్రైవరు. "దించితే టైరు జారిపోద్ది గదన్నా" అంటాడు పంక్చరు కుర్రాడు. యిద్దరూ చెప్పేది నిజమే. యీ రెండు నిజాల మధ్య నుంచే ఒక ప్రశ్న పుడుతుంది. టైరు జారకుండా రిమ్ముకు యినుప రింగు వేసి, బోల్టులతో బిగించే చక్రాన్ని మన షెడ్డులోనే చేసుకోకూడదా? లేతు మిషను వుంది, గ్యాసు కటింగు వుంది, వెల్డింగు వుంది. యింకేం కావాలి?

యిది మెకానిక్కులకు సంబంధించిన ప్రశ్న గదా, రైతుకూలీ శీర్షికలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఐతే ఆ జీపులో ఎక్కేదెవరు? సంతకు పోయే గిరిజనులు, నాట్లకూ కోతలకూ పోయే కూలీలు, ఆస్పత్రికి పోయే గర్భిణులు. ఆ చక్రం ముందు కూచుని బోల్టు బిగించేది కూడా కూలివాడి కొడుకే. కాబట్టి యీ సంగతి మనమే మాట్లాడుకోవాలి.

గాలి ఎందుకు దించుతారు?

లెక్క చాలా తేలిక. జీపు ఒక్కో చక్రం మీద సుమారు 900 పౌన్ల బరువు పడుతుందనుకుందాం. టైరులో 30 పౌన్ల గాలి వుంటే, నేలకు ఆనే భాగం సుమారు 30 చదరపు అంగుళాలు. గాలిని 15 పౌన్లకు దించితే అది దాదాపు రెట్టింపై 60 చదరపు అంగుళాలు అవుతుంది. టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, బురదలో దిగబడదు, రాయిని అదిమి పట్టుకుంటుంది. యిది డ్రైవర్లు చదివి కాదు, పడుతూ లేస్తూ నేర్చుకున్న విద్య.

ఐతే టైరును రిమ్ముకు అంటిపెట్టి వుంచేది కూడా ఆ గాలే. టైరు అంచులో వుక్కు తీగల కట్ట వుంటుంది. దాన్నే బీడు అంటారు. లోపలి గాలి ఆ బీడును రిమ్ము అంచుకు నొక్కిపెడుతుంది. గాలి తగ్గితే ఆ పట్టు సడలుతుంది. మలుపులో చక్రం పక్కకు తోసినప్పుడు బీడు జారుతుంది. ట్యూబు వున్న టైరైతే రిమ్ము మీద టైరు తిరిగిపోయి వాల్వు తెగుతుంది. ఘాటు మలుపులో అది జరిగితే పక్కనున్నది లోయ.

పొలంలో యీ బాధకు మన రైతులు వేరే దారి చూసుకున్నారు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు టైర్లకు యినుప కేజీ చక్రాలు తగిలిస్తారు. పొలం పని ఐపోగానే విప్పేసి రోడ్డెక్కుతారు. పొలం చక్రం పొలానికే, రోడ్డు చక్రం రోడ్డుకే. యీ నీతి గుర్తుంచుకోవాలి.

బిగింపు చక్రం సంగతి

టైరును రిమ్ముకు బిగించి పట్టుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన జీపులకు రెండు ముక్కల రిమ్ము వేసి, ముక్కల్ని బోల్టులతో కలిపి, బీడు కదలకుండా లోపల ఒక రింగు పెట్టింది. తూటా తగిలి గాలి పోయినా టైరు వూడకుండా బండి కొంత దూరం పోవాలని ఆ ఏర్పాటు. ఆ విల్లీస్ జీపునే 1947 నుంచి మహీంద్రా కంపెనీ మన దేశంలో బిగించి అమ్మింది. మన కొండలెక్కిన జీపుల మూలపురుషుడు అదే.

యివాళ కొండల్లో, యిసుకలో పందాలకు బండ్లు తిప్పేవాళ్లు వాడే బిగింపు చక్రం యింకా తేలికైనది. మంచి వుక్కు రిమ్ము బయటి అంచుకు మందపాటి ప్లేటుతో కోసిన రింగును వెల్డింగు చేస్తారు. టైరు బీడును ఆ రింగు మీద ఆనించి, పైన మరో రింగు పెట్టి, చుట్టూ 24 గాని 32 గాని బోల్టులు వేసి బిగిస్తారు. బీడు రెండు రింగుల మధ్య నలిగి కదలకుండా వుండిపోతుంది. గాలి ఎంత తగ్గినా బయటి అంచు జారదు.

వినడానికి సులువే. ఐతే చెయ్యడంలో వుంది చిక్కంతా. వెల్డింగు వేడికి రిమ్ము వంకర పోతుంది. ఒకేసారి చుట్టూ అతికితే మరీ పోతుంది. అందుకే ఎదురెదురుగా చిన్న చిన్న అతుకులు వేసుకుంటూ, చల్లారనిస్తూ పోవాలి. తర్వాత హబ్బుకు తగిలించి తిప్పి, వంపు చూడాలి. వంకర చక్రం బేరింగును తినేస్తుంది, స్టీరింగును వణికిస్తుంది. అతుకు పక్కన యినుము పెళుసైతే కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. బోల్టులు పాత సామాన్ల డబ్బాలోవి పనికిరావు. తల మీద 8.8 అని గుర్తున్న గట్టి బోల్టులు కావాలి. ఎదురెదురుగా బిగించాలి, కొద్ది దూరం తిరిగాక మళ్లీ బిగించాలి, తర్వాత కూడా చూసుకుంటూ వుండాలి.

ఎందుకింత జాగ్రత్త? జీపు టైరులో 30 పౌన్ల గాలి అంటే ఏముందిలే అనుకుంటాం. ఆ గాలి రిమ్ము అంచును పక్కకు నెట్టే బలం రెండు టన్నులు దాటుతుంది. 24 బోల్టులు పంచుకుంటే ఒక్కోదాని మీద సుమారు ఒక క్వింటాలు. పక్కపక్కన నాలుగు సడలితే వాటి బరువు మిగతావాటి మీద పడుతుంది. ఐకమత్యం సడలిన చోట బరువు ఎవరి మీద పడుతుందో మన సంఘాల్లో వున్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ప్రాణం తీసేది ఎక్కడ?

బిగింపు చక్రం మన షెడ్లలో అరుదు కావచ్చు. కాని బోల్టుతోనో రింగుతోనో టైరును పట్టివుంచే చక్రాలు మనకు కొత్త కాదు. ప్రయాణీకుల ఆటో చక్రం చూడండి, చాలావాటికి రెండు ముక్కల రిమ్ము, మధ్యలో నట్లు. ట్యూబు టైర్లు వేసిన పాత లారీ చక్రం చూడండి, పక్కన లాకు రింగు. గాలి వుండగా ఆటో రిమ్ము నట్లు విప్పితే ముక్కలు ఎగిరి మొహాన తగులుతాయి. లారీ టైరులో గాలి 100 పౌన్లు వుంటుంది, రింగును నెట్టే బలం పది టన్నులు దాటుతుంది. తుప్పు పట్టిన రింగు సరిగా కూర్చోకుండా గాలి కొడితే అది ఫిరంగి గుండే.

కాబట్టి పనిచేసే ప్రతి కుర్రాడూ యీ నాలుగు మాటలూ కంఠతా పట్టాలి. ఒకటి: విప్పే ముందు వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని చూసుకోవాలి. రెండు: గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని యినుప పంజరంలో పెట్టాలి, పొడుగు గొట్టంతో పక్కన నిలబడి కొట్టాలి, రింగు ఎదుట నిలబడరాదు. మూడు: గాలి వుండగా రింగును సుత్తితో కొట్టి సరిచేయరాదు. నాలుగు, అన్నిటికంటె ముఖ్యం: టైరు వుండగా రిమ్ముకు వెల్డింగు గాని గ్యాసు మంట గాని పెట్టరాదు. గాలి తీసేసినా సరే పెట్టరాదు. వేడికి లోపలి రబ్బరు ఆవిరై మండే వాయువు పుడుతుంది, టైరు బాంబులా పేలుతుంది.

అమెరికాలో యిటువంటి ముక్కల రిమ్ముల మీద పనిచేసేవారి కోసం 1980లో ప్రత్యేక భద్రతా నిబంధన తెచ్చారు. పని నేర్పించడం, పంజరం యివ్వడం యజమాని బాధ్యత అని అందులో రాశారు. మరి మన దగ్గర? యంత్రశక్తి వాడేచోట పదిమంది పనివాళ్లుంటే ఫ్యాక్టరీ అని 1948 చట్టం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ లెక్కను ఇరవైకి పెంచింది. యిద్దరు ముగ్గురు పనిచేసే పంక్చరు షెడ్డు అప్పుడూ లెక్కలో లేదు, యిప్పుడూ లేదు. పేలే టైరుకు మాత్రం పదిమందా ఇద్దరా అన్న లెక్క లేదు.

అసలు జబ్బుకు మందేది?

యింతకూ మొదటి ప్రశ్నకు జవాబేమిటి? జనాన్ని ఎక్కించే జీపుకు యింటి బిగింపు చక్రం వద్దనే మేము చెబుతాము. గాలి దించిన టైరు మీద పరిమితికి మించి మనుషుల్ని ఎక్కిస్తే టైరు వేడెక్కి పగులుతుంది, దాన్ని ఏ రింగూ ఆపలేదు. కంపెనీ యిచ్చి రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది, చచ్చినవాడి పెళ్లాంబిడ్డలు కోర్టుల చుట్టూ తిరగాలి.

ఐతే డ్రైవరును తిట్టి వూరుకోవడం న్యాయం కాదు. గాలి ఎందుకు దించాల్సి వస్తోంది? రోడ్డు లేకనే గదా! యీ కొండల్లో రోడ్డు కథ నెత్తుటితో మొదలైంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి దారి వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను వెట్టికి లాగాడు. ఆ మంట కూడా కలిసే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. ఆనాడు రోడ్డు వేసిన చేతులకు కూలి లేదు. నూరేళ్లు దాటాక వారి మనవల గూడేలు చాలావాటికి రోడ్డే లేదు.

2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. మైదానంలో 500 జనాభా, కొండల్లో గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా వుంటేనే రోడ్డు అన్నారు. 2023 నవంబరులో మొదలైన జన్‌మన్ పథకంలో ఆదిమ గిరిజనుల గూడేలకు ఆ లెక్కను 100కు దించారు. మంచిదే. ఐతే పదిహేను గడపల గూడెం ఏ లెక్కలో వస్తుంది? 2022 ఏప్రిల్ 4న నర్సీపట్నాన్ని అనకాపల్లి జిల్లాలో, చింతపల్లిని అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. జిల్లాకు అల్లూరి పేరు పెట్టారు. ఆ జిల్లాలోనే నొప్పులు పడుతున్న ఆడపడుచును డోలీ కట్టి మోసుకుపోవడం మాత్రం ఆగలేదు.

అందుకే మనం రెండు పనులూ కలిపి చేయాలి. షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్లకు పైన చెప్పిన నాలుగు మాటలూ నేర్పాలి, పంజరం లేనిదే లారీ చక్రానికి గాలి కొట్టమని చెప్పే ధైర్యం వారికి సంఘం యివ్వాలి. గూడేలకు జనాభా లెక్కతో పని లేకుండా రోడ్డు వేయాలని, వేసిన రోడ్డు మీద బస్సు నడపాలని, రోడ్డు పనిలో స్థానిక కూలీలకే పని యిచ్చి పూర్తి కూలి చెల్లించాలని గ్రామసభల్లో తీర్మానాలు చేయాలి. కూలీ సంఘం, గిరిజన సంఘం, డ్రైవర్ల యూనియను వేర్వేరుగా అడిగితే కాగితం బల్ల మీదనే వుంటుంది.

టైరు జారకుండా రింగు పట్టుకోవచ్చు. ప్రభుత్వం జారిపోకుండా పట్టుకోవలసింది మాత్రం జనమే.