పందిళ్లు లెక్కబెడితె పెండ్లిళ్లు తెలుస్తయ్

మొన్న మా ఊరి పిల్లగాడు ఫోన్ల ఒక వీడియో చూపిచ్చిండు. "అన్నా, ఆండ్రోమెడా గెలాక్సీ వచ్చి మన పాలపుంతను గుద్దుతదట. ప్రపంచం ఖతమేనా?" అని అడిగిండు. వాని మొఖంల భయం జూస్తె బాధయింది. భయపెట్టి వ్యూలు సంపాదించేటోళ్లు ఎక్కువైన్రు, లెక్క చెప్పేటోళ్లు తక్కువైన్రు. నేను గూడ పెద్ద సదువులు సదువలె, పుస్తకాలు పట్టుకొని నేర్చుకున్నోన్నే. తెలిసినంత చెప్త.

రెండు గెలాక్సీలు ఒకటయ్యేతందుకు కోట్ల ఏండ్లు, ఒక్కోసారి వంద కోట్ల ఏండ్లకు పైనే పడ్తది. ఎవ్వరు కూసొని చూడలేరు. మరి ఎన్ని కలుస్తున్నయో ఎట్ల తెలుస్తది?

మన మండలాన్ని పైకెల్లి ఒక్క ఫోటో తీసిన్రు అనుకో. అండ్ల 10 పెండ్లి పందిళ్లు కనబడ్డయ్. పందిరి 5 రోజులుంటదంటె, దినానికి 2 పెండ్లిళ్లు అయితున్నట్టే గద! శాస్త్రవేత్తలు చేసేది గదే. దగ్గర దగ్గరున్న గెలాక్సీ జంటలను లెక్కబెడ్తరు, కలిసేతందుకు పట్టే కాలంతోని భాగిస్తరు. ఆ కాలం కంప్యూటర్ నమూనాలకెల్లి వస్తది. అది మారితె జవాబు గూడ మారుతది.

దూరపు గెలాక్సీల వెలుగు మన దాక వచ్చేతందుకు కోట్ల ఏండ్లు పడ్తది గనుక, దూరం చూసుడంటె ఎన్కటి కాలం చూసుడే. విశ్వం వయసు 1380 కోట్ల ఏండ్లు. 1000 కోట్ల ఏండ్ల కింద గెలాక్సీలు కలుసుడు ఇప్పటికంటె కొన్ని రెట్లు ఎక్కువుండె. అప్పుడు విశ్వం చిన్నగుండె, గెలాక్సీలు ఇరుకు వాడల ఇండ్ల లెక్క పక్కపక్కనే ఉండె. విశ్వం పెరిగినకొద్ది ఎడం పెరిగింది, కలుసుడు తగ్గింది.

మన పాలపుంత గూడ గట్లనే పెరిగింది. దాదాపు 1000 కోట్ల ఏండ్ల కింద ఇంకో గెలాక్సీని కలుపుకున్నదని 2018ల గైయా ఉపగ్రహం కొలతలతోని తేలింది. ధనుస్సు రాశి దిక్కున్న ఒక చిన్న గెలాక్సీని ఇప్పుడు గూడ చీల్చి కలుపుకుంటున్నది.

ఇగ ఆండ్రోమెడా ముచ్చట. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంల ఉన్నది. 2012ల హబుల్ కొలతలు జూసి, 400 కోట్ల ఏండ్లకు గుద్దుకునుడు ఖాయమన్నరు. 2025ల ఇంకింత మంచి కొలతలతోని మళ్ల లెక్కజేసి, వచ్చే 1000 కోట్ల ఏండ్లల కలిసే అవకాశం సగం సగమే అన్నరు. ఒకవేళ కలిసినా, నక్షత్రాల నడుమ జాగ శానా ఎక్కువ. ఒకదాన్నొకటి గుద్దుకునుడు దాదాపు ఉండది.

లెక్క మార్చుకున్నందుకు వాళ్లు నామోషీ పడలె. అదే సైన్సు. తమ్మీ, చెల్లె, రేపు ఎవ్వడన్న వీడియోల భయపెడితె ఒక్కటే అడుగున్రి: నువ్వు ఏం లెక్కబెట్టినవ్, దేంతోని భాగించినవ్?