పంచదార దయ్యములు

పసిబిడ్డ యున్న యింటిలో దయ్యములను చేసి పిల్లలకు పంచిపెట్టితి మనిన, చదువరులగు సోదరీమణులు నన్నేమందురో! అయినను జరిగినది దాచనేల? అవి పంచదారతో చేసిన దయ్యములు; నోట వేసికొనినంతనే కరగిపోవును. వానిని చేయు విధమును, చేయవలసివచ్చిన కారణమును ఇందు విన్నవించుచున్నాను.

2023వ సంవత్సరమున మా చెల్లెలి రెండవ పురిటికి నేను అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమునకు పోయితిని. మా యమ్మగారికి మోకాళ్ల నొప్పులు మెండు. అంతదూరపు ప్రయాణము తగదని వైద్యులు చెప్పుటచే ఆ భారము నాపై బడినది. చెల్లెలి కాపురము ఎడిసన్ పట్టణములో. బిడ్డ పుట్టి నెల దాటునప్పటికి అక్టోబరు మాసము వచ్చినది. వీధిలోని యిండ్ల ముంగిళ్లలో ఒక్కొక్కటిగా అస్థిపంజరములు లేచినవి. చెట్లకు తెల్లగుడ్డ దయ్యములు వ్రేలాడినవి. గుమ్మడికాయలకు కన్నులు, కోరలు చెక్కి లోపల దీపములు పెట్టిరి.

మా చెల్లెలి పెద్దకూతురు ఆఱేండ్లది. పగలు ఆ బొమ్మలను చూచి కేరింతలు కొట్టెడిది. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మాత్రము కిటికీ దరికి పోదు, దీప మార్పనీయదు. రాత్రి రెండుమూడు మారులు ఉలికిపడి లేచి, "పెద్దమ్మా, అది లోపలికి వస్తుందా?" అని అడిగెడిది. ఆ కేకకు పసిబిడ్డ లేచును. ఇక బాలెంతరాలికి నిద్ర యెక్కడిది?

ఈ వేడుక పేరు హాలోవీన్. అక్టోబరు 31వ తేదీ రాత్రి జరుగును. మరునాడు క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. దానికి ముందటి రాత్రి యనుటయే ఆ పేరున కర్థము. అంతకు పూర్వమే ఐర్లండు, స్కాట్లండు దేశములలో పంటలు ముగిసి చలికాలము ప్రవేశించు వేళ సౌవిన్ అను పండుగ యుండెడిది. ఆ రాత్రి మృతుల యాత్మలు తిరుగునని వారి నమ్మకము. 19వ శతాబ్దిలో ఐర్లండునుండి వలస వచ్చినవారు ఆ యాచారమును అమెరికాకు గొనివచ్చిరి. స్వదేశమున టర్నిప్ దుంపలను తొలిచి దీపములు పెట్టినవారు, క్రొత్తదేశమున గుమ్మడికాయలను చేపట్టిరి. నేడు పిల్లలు వేషములు వేసికొని యింటింటికి పోయి మిఠాయిలడుగుటయే ప్రధానము.

మా చిన్నది ఆ సాయంకాలమునకు బడి నేస్తుల నైదుగురను పిలిచి వచ్చినది. దయ్యములకు వెఱచు పిల్లయే దయ్యముల విందు తలపెట్టినది! ఒక నేస్తురాలి యింట చూచిన తెల్లని దయ్యపు మిఠాయిలు తన యింటను ఉండవలెనని పట్టుబట్టినది.

ఆ మిఠాయిని మెరాంగ్ అందురు. కోడిగ్రుడ్డు తెల్లసొనను నురుగగునట్లు చిలికి, పంచదార చేర్చి, మిక్కిలి తక్కువ వేడిమిపై ఎండబెట్టినట్లు కాల్తురు. 1692లో ఫ్రాన్సున అచ్చుపడిన మాసియాలో గారి పుస్తకమునందే ఆ పేరు కానవచ్చును. మా చెల్లెలి యత్తగారు గ్రుడ్డును గడప దాటనీయరు. పిలిచిన పిల్లలలో నొకనికి గ్రుడ్డు తినిన ఒడలెల్ల దద్దురులు లేచునని వాని తల్లి ముందుగనే తెలియజేసెను. ఈ రెండింటికంటె పెద్ద చిక్కు మరియొకటి. "పురిటిబిడ్డ ఉన్న యింట దయ్యాల బొమ్మ లేమిటమ్మా? ఊరంతా చేస్తే మనమూ చేయాలా?" అని అత్తగారు నన్నడిగిరి. ఆమె భయము బిడ్డ మీది ప్రేమచే కలిగినది. నేను బదులు చెప్పలేకపోయితిని.

గ్రుడ్డు చిక్కును తీర్చినది శనగల నీరు. కాబూలీ శనగలు ఉడుకునపుడు వానిలోని మాంసకృత్తులు, పిండిపదార్థములు కొంత నీటిలోనికి దిగును. ఆ నీటిని చిలికిన తెల్లసొనవలెనే గాలిని పట్టి పొంగును. 2014లో ఫ్రాన్సు దేశీయుడగు జోయెల్ రోసెల్ గింజలుడికిన నీటికి గల యీ గుణమును ప్రకటించెను. 2015లో గూస్ వోల్ట్ అను అమెరికా ఇంజనీరు శనగల నీరును పంచదారయు చాలునని చూపి, ఆ నీటికి ఆక్వాఫాబా యని పేరిడెను. పప్పుకట్టుతో చారు కాచుకొను మనకు ఉడికిన నీటి విలువ క్రొత్తగాదు. గాని అది వెన్నవలె తెల్లగా నిలుచునని నేనెన్నడును తలపలేదు.

పాళ్లివి: శనగల నీరు 120 మిల్లీలీటరులు; సన్నని పంచదార 150 గ్రాములు; క్రీమ్ ఆఫ్ టార్టర్ పావు చిన్న చెంచా, అది లేనిచో నిమ్మరసము అర చెంచా. ఉప్పులేని డబ్బా శనగల నీరు సరిపోవును. ఇంట ఉడికించినచో శనగలను తీసి, నీటిని తెల్లసొనవలె చిక్కనగువరకు మరిగించి, బాగుగా చల్లార్పవలెను. గిన్నెకు జిడ్డు రవంతయు నుండరాదు. నూనె తగిలిన నురుగు నిలువదు. కరెంటు కవ్వముతో మొదట మెల్లగాను, పిదప వడిగాను చిలుకవలెను. నీరు తెల్లని నురుగైన పిమ్మట పంచదారను చెంచా చొప్పున, తొందరపడక, చల్లుచుండవలెను. పది పదునైదు నిమిషములకు నురుగు నిగనిగలాడుచు గట్టిపడును. గిన్నెను తలక్రిందులు చేసినను జారకుండుటయే గుఱుతు. ఓవెను 95 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమిలో నుండవలెను. రెండు గంటలు తలుపు తెఱువరాదు. ఓవెను నార్పిన తరువాత మరియొక గంట లోపలనే చల్లారనీయవలెను.

ఈ కడపటి మాట నేను చెడి నేర్చుకొన్నది. మొదటి దినమున ఎడతెగని వాన. వేడివేడిగానే వెలికిదీసి, రాత్రి బల్లపై విడిచితిని. తెల్లవారునప్పటికి దయ్యములన్నియు పాకములో కూలబడి చెమర్చుచున్నవి! పంచదార గాలిలోని తేమను పీల్చుకొనునని అప్పుడు తెలిసినది. నేను చిన్నబోయి నిలుచుండగా పిల్ల వచ్చి, పరికించి చూచి, "పాపం, ఏడుస్తున్నాయి పెద్దమ్మా" అనెను. దయ్యమును చూచి ఆ పిల్ల జాలిపడుట అదియే మొదలు.

ముప్పదవ తేదీన ఎండ కాసినది. ఈ మారు పిల్లనే చేయమంటిని. నురుగును ప్లాస్టికు సంచిలో నింపి మూల కత్తిరించి యిచ్చితిని. కాగితముపై మొదట లావుగా పిండి, దానిపై చిన్న ముద్ద వేసి, కొన సాగదీసి విడిచిన దయ్యమగును. సన్నని గీత పిండి, రెండు చివరలను జంట చుక్కలు పెట్టిన ఎముక యగును. ఒకటి వంకరపోయినది, మరియొకదానికి తలయే లేదు. పిల్ల వానికి పేర్లు పెట్టినది.

అత్తగారు దూరముగా కూర్చుండి చూచుచుండిరి. ఎదురింటి గుమ్మడికాయను చూపి, "మన ఊళ్లో కొత్త యింటికి బూడిద గుమ్మడికాయ మీద కోరలూ మీసాలూ దిద్ది వేలాడదీస్తాం కదా, ఇదీ దిష్టికేనా?" అని అడిగిరి. చెక్కిన ముఖమును చూచి చెడు దరిచేరదని వీరి పూర్వులును నమ్మిరని చెప్పితిని. ఆమె కొంతసే పూరకుండి, "బిడ్డ గదిలోకి మాత్రం ఒక్కటీ రాకూడదు" అని, లేచి వచ్చి, కరగిన చాక్లెటులో పుల్ల ముంచి దయ్యములకు కన్నులు పెట్టసాగిరి. దినమును బిడ్డకు దిష్టిచుక్క పెట్టు చేయి గనుక చుక్కలు తిన్నగా వచ్చినవి.

విందునాడు గ్రుడ్డు సరిపడని బాలుడు నాలుగు దయ్యములను తినెను. మా చిన్నది అన్నిటికంటె పెద్దదానిని ఎంచుకొని తల మొదట కొఱికినది. ఆ రాత్రియు దీపముండవలె ననెను. గాని తెల్లవారువరకు లేవలేదు. మా చెల్లెలు ఆఱు గంటలు నిద్రపోయినది.

ఇంట ఓవెను గల సోదరీమణు లెవరైనను దీనిని చేయవచ్చును. గ్రుడ్డు తినువారు శనగల నీటికి మారు రెండు తెల్లసొనలకు 100 గ్రాముల పంచదార చేర్చినచాలును. కోస్తాలో అక్టోబరు వానలలో దీనికి పూనుకొనకుడు. సంక్రాంతినాటి పొడిగాలి మేలు. చల్లారినంతనే గాలి చొరని డబ్బాలో పెట్టవలెను. మా యూరికి తిరిగివచ్చిన పిమ్మట నేను సంక్రాంతి బొమ్మల కొలువునకు ఈ విధముననే హంసలను, శంఖములను చేసితిని. అందఱును మెచ్చుకొనిరి. ఫోనులో ఆ సంగతి విని మా చిన్నది, "దయ్యాలు చేయలేదా?" అని యలిగినది.