అడంగల్లో లేని పేర్లు

వంశచరిత్ర రాజులకూ, జమీందార్లకే ఉంటుందని మనలో చాలామంది అభిప్రాయం. పల్నాటి వీరుల పుట్టుపూర్వోత్తరాలు వీరవిద్యావంతులు పాడి నిలబెట్టారు. మరి మెట్టచేలు దున్నుకుని బతికిన మన తాతముత్తాతల సంగతి ఎవరు చెప్పాలి? వాళ్ళు వేలిముద్ర వేసిన కాగితాలే చెప్పాలి.

ఇంగ్లండులో 1858 దాకా వీలునామాలు చర్చి కోర్టుల్లో రుజువయ్యేవి. అక్కడివారు వాటిని పట్టుకుని తరాలు వెనక్కి వెళ్తారు. మనకా దారి లేదు. 1925 నాటి వారసత్వ చట్టం హిందువుల వీలునామాలకు ప్రొబేటు తప్పనిసరి చేసింది మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి చోట్లకే గాని, గురజాల, మాచర్ల చేలకు కాదు. అందుకని మనం పోవలసింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం భూమి దస్తావేజులు 1వ పుస్తకంలో, వీలునామాలు 3వ పుస్తకంలో ఎక్కుతాయి. మొదటిది రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామా నకలు మాత్రం రాసినాయన బతికుండగా ఆయనకో, ఆయన ఏజెంటుకో ఇస్తారు. ఆయన పోయాక ఎవరడిగినా ఇస్తారు. అయితే వీలునామా రిజిస్టరు చేసి తీరాలన్న నియమం లేదు. కాబట్టి ఇంట్లో పాత పెట్టెలూ దులపాలి.

మా పెట్టెలో మా తాతకు తాత రాసిన వీలునామా దొరికింది. తేదీ 'ప్రభవ' అని ఉంది. ప్రభవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1867, 1927. ఏది? స్టాంపు మీద విక్టోరియా రాణి కాక జార్జి రాజు ఉన్నాడు. ఇంకేం, 1927!

అందులో విధవ కోడలికి ఎకరం చేను జీవితాంతం అనుభవించమని రాశాడు, అమ్ముకునే హక్కు లేకుండా. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్తవైపు ఆస్తిలో విధవలకు సాధారణంగా దక్కింది ఇలాంటి పరిమిత హక్కే. పట్టా మగవాళ్ళ పేరునే నడిచింది గనుక అడంగల్లో ఆమె లేదు. పిల్లలు లేరు గనుక తలుచుకునేవాళ్ళూ లేరు. ఆ ఒక్క కాగితం లేకపోతే ఆమె పుట్టనట్టే లెక్క.

దస్తావేజు చదివేటప్పుడు పేర్లతో ఆగకండి. నాలుగు హద్దుల్లో ఇరుగుపొరుగు రైతులుంటారు, సాక్షుల్లో బావమరుదులుంటారు. పాత దస్తూరి చదివి చెప్పగల కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. ఆ తరం ఇప్పుడు వయసు మళ్ళింది. మిత్రులారా, ఈ సెలవుల్లోనే పెట్టె తెరవండి. చెదలు మనకోసం ఆగవు.